పెళ్లి డీవీడీలు పెన్‌డ్రైవ్‌లోకి: క్లారిటీ పోకుండా సైజు తగ్గించడం ఎలా

విశాఖలో చాలా ఇళ్లలో బీరువా తెరిస్తే పట్టుచీరల పక్కన ఓ డబ్బాలో పెళ్లి డీవీడీలు రెండో మూడో కనిపిస్తాయి. చూసుకుందామంటే ప్లేయర్ ఎప్పుడో మూలపడింది. కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. పరాయి దేశంలో ఉన్న పిల్లలేమో "అమ్మా, మీ పెళ్లి వీడియో పంపించవా" అని అడుగుతూనే ఉంటారు. సరే అని ఎవరికైనా ఇస్తే మూడు డిస్కులనీ కలిపి ఐదొందల ఎంబీ చేసి తెచ్చిస్తారు. అందులో పెళ్లికూతురి మొహం మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది, చీర అంచు ఎక్కడుందో తెలీదు, మండపం వెనక గోడ మీద గళ్లు గళ్లుగా కదులుతుంటాయి.

ఇలా జరగడానికి ఒకటే కారణం. "ఇంత సైజు రావాలి" అని ముందే అనుకుని వీడియోని అందులోకి కుక్కేస్తారు. మీరు వెనక నుంచి మొదలుపెట్టండి. క్లారిటీ ఎంత కావాలో ముందు తేల్చుకోండి, సైజు ఎంత వస్తే అంత రానివ్వండి. ఈ పద్ధతిలో చేసినా ఫైలు చిన్నదే అవుతుంది. ఎందుకంటే డీవీడీలో వాడిన ఎంపెగ్-2 పాత పద్ధతి. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 అదే బొమ్మని చాలా తక్కువ చోటులో దాచగలవు.

దీనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్. పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ పనిచేస్తుంది. దాని సొంత సైటు నుంచే దించుకోండి. డిస్కు చదవడానికి యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కావాలి. ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో కంప్యూటర్ షాపులో అడిగితే చూపిస్తారు. ఒకటి కొంటే చుట్టాలందరి డిస్కులూ దాంతోనే అయిపోతాయి.

ముందు డిస్కుని కాపీ చేయండి

డిస్కులోంచి నేరుగా కంప్రెస్ చేయకండి. ముందు మొత్తం డిస్కుని హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. స్టూడియో వాళ్లు రాసిచ్చిన పెళ్లి డీవీడీకి కాపీ కానివ్వకుండా ఆపే తాళాలేమీ ఉండవు. లోపల వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని అలాగే లాగి పెట్టేయొచ్చు. అందులోని వీవోబీ ఫైళ్లు ఒక్కోటి ఒక జీబీ దగ్గర ఆగిపోయి, తర్వాత ముక్క మొదలవుతుంది. వాటిని విడివిడిగా తెరవొద్దు. హ్యాండ్‌బ్రేక్‌కి ఫోల్డర్ మొత్తం చూపించాలి.

మన ఊళ్లో ఈ పనిని వాయిదా వేయకూడదు. ఇలా రాసిచ్చిన డీవీడీలో డేటా ఉండేది ఒక రంగు పొరలో. వేడి, తేమ, ఎండ ఈ మూడూ దానికి పడవు, బీచ్‌కి దగ్గరున్న ఇళ్లలో ఈ మూడింటికీ లోటుండదు. పైగా 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బీరువాలు తడిసిన ఇళ్లు ఉన్నాయి. అప్పటి డిస్కులు మీ దగ్గరుంటే ఇంకొంచెం తొందరపడండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. డీవీడీని లోపలి నుంచి బయటి అంచు వైపుకి రాస్తారు. అంటే డిస్కు నిండా వీడియో ఉంటే, చివరి ఘట్టం ఉండేది బయటి అంచున. మనం వేళ్లతో పట్టుకునేదీ అక్కడే, గీతలు పడేదీ ఎక్కువగా అక్కడే. పెళ్లి డిస్కులో చివర ఏముంటుంది? అప్పగింతలు. అందుకే కాపీ 90 శాతం దాకా హాయిగా వెళ్లి ఆగిపోతే కంగారుపడకుండా డిస్కు తీయండి. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. మళ్లీ పెట్టి చూడండి, వేరే డ్రైవ్‌లో కూడా పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవడం మామూలే. కాపీ అయ్యాక చివరి ఐదు నిమిషాలూ తప్పకుండా ప్లే చేసి చూసుకోండి.

ఈ కాపీని తర్వాత చెరిపేయకండి. ఒక టీబీ హార్డ్ డిస్కులో 4.7 జీబీ డీవీడీలు రెండొందల పైనే పడతాయి. కంప్రెస్ చేసిన ఫైలు చూసుకోడానికీ పంచుకోడానికీ, అసలు కాపీ దాచుకోడానికి. పదేళ్ల తర్వాత ఇంకా మంచి పద్ధతి వస్తే మళ్లీ ఈ అసలు నుంచే చేసుకోవాలి. ఒకసారి కంప్రెస్ చేసినదాన్ని మళ్లీ కంప్రెస్ చేస్తే ప్రతిసారీ కొంత బొమ్మ పోతుంది, పోయింది తిరిగి రాదు.

డిస్కు మీద వీసీడీ అని ఉంటే దాని దారి వేరు. అందులో బొమ్మ 352×288 మాత్రమే, గంట వీడియో ఆరేడొందల ఎంబీల్లోనే ఉంటుంది. దాన్ని ఇంకా పిండితే మిగిలేదేమీ ఉండదు. ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి దాచుకోండి, వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడుతుంది.

దువ్వెన గీతలు తీయడం

చాలామంది వదిలేసేది, బొమ్మని అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది ఇదే. మన దేశపు పెళ్లి డీవీడీలు మామూలుగా పాల్ అనే టీవీ పద్ధతిలో ఉంటాయి: 720×576 సైజు, సెకనుకి 25 ఫ్రేములు. హ్యాండీక్యామ్‌తో తీసిన పెళ్లి వీడియోలో ఒక్కో ఫ్రేము రెండు సగాలు. సరి వరసలు ఒక క్షణానివి, బేసి వరసలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. పాత ట్యూబ్ టీవీ ఆ సగాలని ఒకదాని తర్వాత ఒకటి చూపించేది కాబట్టి ఇబ్బంది లేదు. కంప్యూటర్‌లో రెండూ కలిసిపోయి, కదిలే చెయ్యి అంచున దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. ఆ గీతలతోనే కంప్రెస్ చేస్తే అవి ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతాయి. ఆ సన్నటి గీతల్ని దాచడానికే బోలెడు చోటు కూడా ఖర్చవుతుంది.

హ్యాండ్‌బ్రేక్‌లో ఫోల్డర్ తెరవండి. టైటిల్స్‌లో అన్నిటికన్నా పొడవైనది ఎంచుకోండి, చిన్నవి మెనూలూ టైటిల్ కార్డులూ అయి ఉంటాయి. ఫిల్టర్స్ ట్యాబ్‌లోకి వెళ్లి ఇంటర్‌లేస్ డిటెక్షన్ ఆఫ్ చేయండి. డీఇంటర్‌లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్ పెట్టి, దాని ప్రీసెట్ బాబ్ అని ఎంచుకోండి. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 50 పెట్టండి. ఇలా చేస్తే రెండు సగాలూ రెండు పూర్తి ఫ్రేములవుతాయి, కదలిక టీవీలో చూసినంత మెత్తగా ఉంటుంది. 25 పెడితే ఫైలు కొంచెం తగ్గుతుంది గానీ కోలాటం, ఊరేగింపు డాన్సులు గెంతుతున్నట్టుంటాయి. ఆ కాస్త సైజు కోసం కదలికని వదులుకోవద్దనే నేను చెప్తాను.

ప్రివ్యూలో మనుషులు ముందుకీ వెనక్కీ వణుకుతున్నట్టు కనిపిస్తే మిక్సింగ్ చేసినప్పుడు సగాల వరస తిరగబడిందన్నమాట. అదే ఫిల్టర్‌లో కస్టమ్ ఎంచుకుని ప్యారిటీని తిరగేస్తే సరిపోతుంది.

డైమెన్షన్స్ ట్యాబ్‌లో ఎక్కువ పని లేదు. అనమార్ఫిక్ ఆటోమేటిక్‌గా ఉంచండి, చుట్టూ నల్లటి పట్టీలుంటే క్రాప్ ఆటోమేటిక్‌గా తీసేస్తుంది. పాత 4:3 వీడియో 768×576 ఆకారంలో, వైడ్ వీడియో 1024×576 ఆకారంలో కనిపించాలి. పెళ్లికొడుకు ఉన్నట్టుండి లావుగానో పీలగానో కనిపిస్తే ఈ ఆకారం తప్పిందని అర్థం. 1080కి పెంచకండి. లేని వివరం పెంచితే రాదు, సైజు మాత్రం పెరుగుతుంది.

నాయిస్ ఎందుకు ముఖ్యం

మన పెళ్లిళ్లకి ముహూర్తం చాలాసార్లు రాత్రి వేళే. సింహాచలం కొండ మీదైనా, కళ్యాణ మండపంలోనైనా, ట్యూబ్‌లైట్లూ కెమెరావాడి చేతిలైటూ తప్ప వెలుగుండదు. చాలీచాలని వెలుగులో హ్యాండీక్యామ్ బొమ్మ నిండా సన్నటి చుక్కలు మరుగుతుంటాయి, అదే నాయిస్. కంప్రెసర్ సైజు తగ్గించేది ముందు ఫ్రేములో ఉన్నదాన్నే తర్వాత ఫ్రేముకీ వాడుకుని. చుక్కలు ప్రతి ఫ్రేములోనూ మారిపోతుంటే వాడుకోడానికేమీ దొరకదు. కదలని గోడ కూడా దానికి కొత్త బొమ్మలాగే కనిపిస్తుంది.

అందుకని డీనాయిస్ దగ్గర ఎన్‌ఎల్‌మీన్స్ పెట్టి, బలం అల్ట్రాలైట్ లేదా లైట్ ఎంచుకోండి. వీహెచ్ఎస్ టేపు నుంచి డిస్కుకి ఎక్కించిన వీడియో అయితే ట్యూన్ దగ్గర టేప్ అని ఉంటుంది, అది పెట్టండి. దీనికి చాలా టైమ్ పడుతుంది గానీ సైజు బాగా తగ్గుతుంది. మీడియం, స్ట్రాంగ్ జోలికి వెళ్లకండి. చుక్కలతో పాటు తాతగారి మొహంలో ముడతలు, జరీలో పోగులు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. కొంచెం నాయిస్ మిగిలినా పర్లేదు, మొహాలు మొహాల్లా ఉండాలి.

అసలు నంబరు: ఆర్ఎఫ్

వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ (వీడియోని పిండేది) దగ్గర హెచ్.264 రకమైన ఎక్స్264 పెట్టండి. డీవీడీ సైజు బొమ్మకి ఇది చాలు, చాలా టీవీల్లో ఆడుతుంది. హెచ్.265 లాభం పెద్ద బొమ్మల్లోనే బాగా తెలుస్తుంది. కాన్‌స్టంట్ క్వాలిటీ ఎంచుకోండి. ఆర్ఎఫ్ అనే నంబరు కనిపిస్తుంది. నంబరు తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. సుమారుగా ఆరు అంకెలు పెంచితే సైజు సగమవుతుంది. డీవీడీకి 18 నుంచి 22 మధ్య చూసుకోవాలి, 20 దగ్గర మొదలుపెట్టండి.

పక్కనే ఉన్న ప్రీసెట్ జారుడుని స్లో దగ్గరికి జరపండి. నిదానంగా చేసేకొద్దీ అదే క్వాలిటీని తక్కువ చోటులో సర్దగలదు. గ్రాఫిక్ కార్డుతో చేసే ఎన్వెంక్, క్విక్‌సింక్ లాంటివి చాలా వేగంగా అయిపోతాయి గానీ, అంత చిన్న ఫైల్లో అంత మంచి బొమ్మ ఇవ్వలేవు. పెళ్లి వీడియో జీవితంలో ఒక్కసారి చేసే పని, ఒక రాత్రి పట్టినా పట్టనివ్వండి.

ఇక 20 మీ వీడియోకి సరిపోతుందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? రెండు గంటలూ చేసి చూడక్కర్లేదు. తలంబ్రాల ఘట్టం వెతకండి.

వీడియో మొత్తంలో కంప్రెసర్‌కి కష్టమైన నిమిషం అదే. వందల గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి, ఏ ఫ్రేములోనూ ముందు ఫ్రేముతో పోలిక లేకుండా పడతాయి. వెనక జనం చేతులు, పసుపు, మధ్యలో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్‌లు. ముందే బిట్‌రేట్ (సెకనుకి వాడే డేటా) బిగించేసి చేసిన ఫైల్లో సరిగ్గా ఇక్కడే బొమ్మ గళ్లుగా విరిగిపోతుంది, ఎందుకంటే పంతులుగారు మంత్రం చదువుతున్న నిశ్చలమైన షాటుకీ దీనికీ ఒకే వాటా దొరుకుతుంది. ఆర్ఎఫ్ పద్ధతిలో ఏ షాటుకి ఎంత కావాలో అంత దొరుకుతుంది.

హ్యాండ్‌బ్రేక్‌లో రేంజ్ దగ్గర చాప్టర్స్ బదులు సెకండ్స్ పెట్టి, ఆ ఒక్క నిమిషం మాత్రం ఆర్ఎఫ్ 18, 20, 22, 24లతో నాలుగు ఫైళ్లు చేయండి. ఇంకో రెండు చోట్ల కూడా ఇలాగే చేయండి. మన ఊరి వీడియోల్లో మర్నాడు బీచ్ రోడ్డుకి తీసుకెళ్లి, కురుసుర సబ్‌మెరైన్ ముందూ అలల దగ్గరా కొత్త జంటని నిలబెట్టి తీసిన పాట ఒకటి ఉండి తీరుతుంది. అలల నురగ కూడా తలంబ్రాలంత కష్టమైనదే. రెండోది, వెలుగు తక్కువున్న ఊరేగింపు. చీకటి భాగాల్లో లోపాలు ఎక్కువగా బయటపడతాయి.

వాటిని ఫోన్‌లో కాదు, ఇంట్లో పెద్ద టీవీలో, మామూలుగా కూర్చునే దూరం నుంచి చూడండి. ముందు ఆపకుండా చూడండి. తర్వాత వీఎల్‌సీలో ఇంగ్లిష్ ఈ అక్షరం నొక్కుతూ ఒక్కో ఫ్రేము నడిపించి మూడు చోట్ల చూపు పెట్టండి: పెళ్లికూతురి చెంప నున్నబడిపోయిందా, చీర అంచులో జరీ గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయా, నల్లటి ఆకాశంలో మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తున్నాయా. ఏ నంబరు దగ్గర తేడా తెలుస్తోందో దానికి ఒకటో రెండో తక్కువ పెట్టి మొత్తం వీడియో చేయండి. ఇది మీ కళ్లకీ మీ వీడియోకీ సరిపోయే నంబరు. వేరేవాళ్లది అరువు తెచ్చుకుంటే కుదరదు.

సైజు ఎంత వస్తుందంటే, సగటు బిట్‌రేట్ సెకనుకి 1500 కిలోబిట్లు పడితే గంటకి 675 ఎంబీ. నాయిస్ ఎక్కువుంటే ఇంకా పెరుగుతుంది. కూర్చుని మాట్లాడుకునే రిసెప్షన్ షాట్లు ఎక్కువుంటే తగ్గుతుంది. రెండు డిస్కులకి వేర్వేరు సైజులు వచ్చాయని టెన్షన్ పడకండి, అలాగే రావాలి.

సౌండు

సౌండు పిండి సైజు తగ్గించాలనుకోవడం దండగ. ఏఏసీ స్టీరియో 160 కిలోబిట్లు పెడితే గంటకి 72 ఎంబీలే అవుతుంది. దాన్ని 64కి దించితే మిగిలేది నలభై ఎంబీలు, పోయేది గట్టిమేళం. డోలు, సన్నాయి ఒక్కసారిగా అందుకునే ఆ చోటు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. బిట్‌రేట్ చాలకపోతే సన్నాయి గరగరలాడుతుంది, తాళాల మోత నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది.

సినిమా డిస్కులూ, ఫోన్ వీడియోలూ

కొన్న సినిమా డీవీడీలకి తాళం ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ దానంతటది ఆ తాళం తీయదు. 2012 సవరణతో మన కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాలు తీయడాన్ని నేరం చేసింది. కాబట్టి అందులోకి నేను వెళ్లను. తాళం లేని సినిమా, అంటే మీరు తీసిన షార్ట్ ఫిల్మ్ లాంటిది మీ దగ్గరుంటే పైన చెప్పినవన్నీ దానికీ పనికొస్తాయి, ఒక్క తేడాతో. సినిమాలో ఫ్రేములు మామూలుగా పూర్తివే ఉంటాయి కాబట్టి డీఇంటర్‌లేస్ ఆఫ్ చేయాలి. వీడియో ట్యాబ్‌లో ట్యూన్ దగ్గర ఫిల్మ్ పెట్టండి.

ఫోన్ వీడియోల బరువు ఇంకో రకం. 4కేలో సెకనుకి 60 ఫ్రేములు తీస్తే ఐఫోన్‌లో నిమిషానికి 400 ఎంబీ దాకా అవుతుందని యాపిల్ సంస్థే చెప్తుంది. వీటికి హెచ్.265 10-బిట్ వాడండి. 1080 సైజుకి దించి ఆర్ఎఫ్ 22 దగ్గర మొదలుపెట్టండి. రెండు ఎన్‌కోడర్ల ఆర్ఎఫ్ కొలతలూ ఒకటి కావు, అందుకని ఎక్స్264లో కుదిరిన నంబరు ఇక్కడ పనిచేస్తుందనుకోవద్దు. 10-బిట్ ఎందుకంటే ఈమధ్య చాలా ఫోన్లు హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగునీడల తేడాలు ఎక్కువగా పట్టే పద్ధతిలో తీస్తున్నాయి. దాన్ని 8-బిట్‌లోకి అలాగే తోస్తే రంగులు సరిగ్గా రావు.

సైజు కచ్చితంగా ఇంతే ఉండాలంటే

వాట్సాప్‌లో పంపాలంటే వీడియోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, లేకపోతే అది మళ్లీ పిండేస్తుంది. డాక్యుమెంట్‌కి పరిమితి 2 జీబీ. మూడు గంటల వీడియోని అందులో పట్టించాలంటే లెక్క ఇది: 2000 ఎంబీని 8తో గుణించి 10,800 సెకన్లతో భాగిస్తే సెకనుకి సుమారు 1480 కిలోబిట్లు. అందులో సౌండు 160 తీసేసి, కొంచెం ఖాళీ వదిలి, యావరేజ్ బిట్‌రేట్ 1300 పెట్టండి. మల్టీపాస్ టిక్ చేయండి. మొదటిసారి వీడియో అంతా చదివి కష్టమైన చోట్లు గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి వాటికి ఎక్కువ వాటా ఇస్తుంది. అంతకన్నా మంచి దారి, వీడియోని రెండు ముక్కలు చేసి ఆర్ఎఫ్‌తోనే పంపడం.

రాత్రి పెట్టి పడుకునే ముందు

మే నెల ఉక్కలో పగలు ఈ పని పెట్టకండి. ప్రాసెసర్ వేడెక్కి దానంతటదే వేగం తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద కాకుండా బల్ల మీద, కింద గాలి ఆడేలా పెట్టి, స్లీప్ ఆఫ్ చేయండి. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే ఫార్మాట్ ఎంపీ4 బదులు ఎంకేవీ ఎంచుకోండి. మధ్యలో కరెంటు పోతే సగంలో ఆగిన ఎంపీ4 అసలు తెరుచుకోదు. ఎంకేవీ అయితే ఆగిన చోటు దాకా ఆడుతుంది.

పొద్దున్నే లేచి మొదట్లో ఒక నిమిషం, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి చూడండి. పెదాలకీ మాటకీ పొంతన కుదిరిందో లేదో ముఖ్యంగా చివర్లో గమనించండి. అంతా బాగుంటే పెన్‌డ్రైవ్‌లో వేయండి. నాలుగు జీబీలు దాటిన ఫైలు ఎక్కనంటే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉందన్నమాట. లోపలున్నవి వేరే చోట దాచి ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ని చదవవు. అలాంటి టీవీ ఉన్న ఇంటికి పంపేటప్పుడు ఫ్యాట్32లోనే ఉంచి, ఒక్కో డిస్కుకి ఒక్కో ఫైలుగా వేసివ్వండి. ఆర్ఎఫ్ 20తో చేసిన డిస్కు ఒక్కటీ నాలుగు జీబీలు దాటడం అరుదు.